వెనకవైపు చిన్న అక్షరాలు

తెల్లవారుజామున నాలుగున్నరకి హైదరాబాద్ నారాయణగూడ చౌరస్తాలో, చిక్కడపల్లి సందు మొదట్లో, దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు పక్కన ఒకే పని జరుగుతూ ఉంటుంది. దినపత్రికల కట్టలు విప్పుకుని కుర్రాళ్లు నేలమీద కూర్చుంటారు. ఒక్కో పేపరు మడత తెరిచి అందులో రంగు కాగితాలు దూరుస్తారు. కొత్తగా తెరిచిన పళ్ల ఆసుపత్రిది ఒకటి, ఇంటర్ కాలేజీ ర్యాంకులది ఒకటి, బిర్యానీ హోటల్‌ది ఇంకొకటి. పండగ రోజుల్లో పేపరు కన్నా ఈ కాగితాలే బరువు. ఇక పేపరు చేతికి వచ్చాక చూస్తే మొదటి పేజీలో వార్త ఉండదు. పేజీ నిండా ఏ చీరల దుకాణమో, ఏ అపార్ట్‌మెంటు వెంచరో ఉంటుంది. పత్రికల వాళ్లు దాన్ని జాకెట్ అంటారు. ఇంట్లో ఇంకా కాఫీ కలపలేదు, బ్రాండ్లు మాత్రం అప్పుడే వచ్చి కూర్చున్నాయి.

అక్కడి నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా నగరవాసి వీటి మధ్యనే తిరుగుతాడు. ఆటో వెనక, సిటీ బస్సు ఒంటినిండా, మెట్రో స్తంభం చుట్టూ, ఆఫీసు లిఫ్టులో చిన్న తెర మీద, క్రికెటర్ చొక్కా మీద అవే పేర్లు. కంటికి అన్నీ కనపడతాయి. గమనించేది మాత్రం తక్కువ. ఈ పూట ప్రసంగం ఆ గమనింపు గురించే. సరుకు మంచిదైతే నలుగురికీ చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ప్రతి ప్యాకెట్టుకీ రెండు ముఖాలుంటాయి. ముందువైపు ఉండేది కంపెనీ చెప్పాలనుకున్నది. వెనకవైపు ఉండేది చట్టం చెప్పమన్నది. మొదటిది దూరం నుంచే పలకరిస్తుంది. రెండోదాని కోసం ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి.

సరుకుని జనంలోకి తీసుకెళ్లే విద్య తెలుగువాళ్లకి కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. పసుపు రంగు, ఘాటు వాసన, అప్పటికి ఎవరూ పేరు వినని మందు. దాన్ని సంగీత కచేరీలకి వచ్చినవాళ్లకి ఉచితంగా పంచిపెట్టారు. రాసుకున్నవాడికి తలనొప్పి తగ్గితే చాలు, మర్నాడు అతనే పదిమందికి చెబుతాడు. ఆ వ్యాపారం మీద వచ్చిన డబ్బుతో పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికని వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపారు, 1924లో భారతి మాసపత్రిక మొదలుపెట్టారు. ఒక తలనొప్పి మందు ఒక జాతి పత్రికలకి పెట్టుబడి అయింది. ఇవాళ సూపర్‌మార్కెట్ గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడి, చిన్న కాగితపు గ్లాసులో జ్యూసు రుచి చూపించే అమ్మాయి చేస్తున్న పని నూరేళ్ల కిందట ఆ కచేరీల్లో జరిగిందే.

1937లో డాల్డా వచ్చింది. నెయ్యి వాసన తెలిసిన జనానికి వనస్పతి అలవాటు చేయడం తేలిక కాదు. అందుకని డబ్బా ఆకారంలో చేసిన బండ్లు వీధుల్లో తిరిగాయి, దాంతో చేసిన తినుబండారాలు అక్కడికక్కడే రుచి చూపించారు. క్రమంగా ఏ కంపెనీ వనస్పతి అయినా జనం నోట డాల్డాయే అయింది. ఖాళీ డబ్బాలు తెలుగు వంటిళ్లలో కందిపప్పుకి, మినప్పప్పుకి, పెరట్లో తులసి మొక్కకి కూడా పనికొచ్చాయి. కోల్గేటు, సర్ఫు, జిరాక్సు కథ కూడా అంతే. ఏ కంపెనీ పేస్టయినా కోల్గేటే, ఏ బట్టల పొడయినా సర్ఫే. పేరు మాటగా మారిపోయిన చోట ప్రకటన అవసరం లేకుండానే కొనేవాడు దుకాణానికి వెళ్లి ఆ పేరే అడుగుతాడు.

రేడియోకీ ఇందులో పాత్ర ఉంది. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ మొదలుపెట్టిన బినాకా గీత్‌మాలా పేరులో ముందున్న మాట ఒక టూత్‌పేస్టుది. వారం వారం పాటల కోసం ఎదురుచూసిన లక్షల మంది, ఆ పేరుని కూడా పాటతో పాటే మోసుకు తిరిగారు. 1957లో మొదలైన వివిధ భారతి పదేళ్ల తర్వాత, 1967లో, వ్యాపార ప్రకటనలకి తలుపు తెరిచింది.

ఇప్పుడు అంబర్‌పేటలోనో బోరబండలోనో ఒక గల్లీ కిరాణా కొట్టు ముందు నిలబడి చూద్దాం. కొట్టాయన ముఖం సగమే కనపడుతుంది. మిగతా సగానికి షాంపూ ప్యాకెట్ల దండలు అడ్డం. ఒక వరస నల్లవి, ఒక వరస ఆకుపచ్చవి, పక్కన కాఫీ పొడి, కొబ్బరినూనె, బట్టలకి వేసే లిక్విడ్, టొమాటో సాస్. గాలి వీస్తే అన్నీ కలిసి గలగలమంటాయి. స్కూలు బ్యాగు వీపున ఉన్న పిల్ల రెండు రూపాయల బిళ్ల ముందుకు తోస్తుంది. కొట్టాయన తల తిప్పకుండానే చెయ్యెత్తి దండ చివరి ప్యాకెట్టు ఒక్క లాగు లాగుతాడు. చుక్కల గీత దగ్గర అది టక్కున తెగి వస్తుంది. అమ్మకం అయిపోయింది. దండ మాత్రం వేలాడుతూనే ఉంది, తర్వాత వచ్చేవాళ్లకి పేరు చూపిస్తూ. సరుకే ప్రకటన బోర్డు కావడం ఇక్కడే కనపడుతుంది.

ఈ చిన్న ప్యాకెట్టు వెనక దక్షిణాది తెలివి ఉంది. తమిళనాడు కడలూరులో చిన్నికృష్ణన్ అనే చిన్న వ్యాపారి, సీసా కొనలేని కూలివాడికి కూడా షాంపూ అందాలన్న ఆలోచనతో పొట్లాల్లో నింపి అమ్మాడు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో విడిగా కంపెనీ పెట్టి చిక్ షాంపూ తెచ్చాడు. ఆయన పెట్టిన పథకం వ్యాపార పాఠాల్లోకి ఎక్కింది. ఏ కంపెనీదైనా సరే, ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెచ్చిస్తే ఒక చిక్ ప్యాకెట్టు ఉచితం. జనం ఎదుటి కంపెనీ ఖాళీలు ఏరుకొచ్చి ఇచ్చి చిక్ వాడటం మొదలుపెట్టారు. అలవాటు పడ్డాక నిబంధన మారింది. ఇక ఖాళీ చిక్ ప్యాకెట్లు తెస్తేనే చిక్ ఉచితం. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఆడపిల్ల కూడా తలంటుకోగలగడం ఈ ఆలోచన వల్ల జరిగిన మేలు. ఆ ఖాళీలు ఇప్పుడు ఎవరూ ఏరడం లేదు. పొరలు పొరలుగా అతికించిన ఆ ప్లాస్టిక్ నాలాల్లో కూరుకుపోతుంది. దాన్ని తిరిగి సేకరించే బాధ్యత తయారుచేసిన కంపెనీలదేనని 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

అదే కొట్టులో గాజు సీసాల పక్కన అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు పేర్చి ఉంటాయి. ఆ అయిదు అంకె ఏళ్ల తరబడి కదలదు. పిండి ధర పెరిగింది, చక్కెర పెరిగింది, డీజిల్ పెరిగింది, ప్యాకెట్టు మాత్రం అయిదే. ఎలా అంటే, కదిలేది గ్రాములు. ధర ముందువైపు పెద్ద అంకెలో ఉంటుంది, బరువు వెనకవైపు చిన్న అంకెలో ఉంటుంది. పిల్లవాడికి తెలిసేది ఒకటే, పోయినేడాది కన్నా ఒక బిస్కెట్టు ముందే అయిపోతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఈ లెక్క తలకిందులైంది. అయిదు రూపాయల్లో పైసలు తగ్గిస్తే చిల్లర దొరకదు. అందుకని చిన్న ప్యాకెట్ల ధర అలాగే ఉంచి గ్రాములు పెంచిన కంపెనీలు ఉన్నాయి. గ్రాములు చదివే అలవాటున్నవాళ్లకే ఈ రెండు మార్పులూ కనపడ్డాయి.

సూపర్‌మార్కెట్‌లో అడుగుపెడితే చదవాల్సినవి ఇంకా పెరుగుతాయి. కంటి ఎత్తు అరలో ఏముంది, మోకాలి కింద అరలో ఏముంది, బిల్లు కట్టే వరసలో పిల్లల చేతికందేలా ఏముంది అన్నది ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిందే. చాక్లెట్లు ఆ వరసలో ఉండటానికి కారణం అక్కడ పిల్లలు ఖాళీగా నిలబడతారు, పెద్దవాళ్లు అలసిపోయి ఉంటారు.

ఆఫర్ల లెక్క కాగితం మీద వేసి చూస్తే సులువుగానే తేలుతుంది. రెండు కొంటే ఒకటి ఉచితం అంటే మూడింటికి రెండింటి డబ్బు, అంటే మూడోవంతు తగ్గింపు, అదీ మూడు అవసరమైతేనే. 50 శాతం మీద మరో 20 శాతం అని రాస్తే చాలామంది 70 అనుకుంటారు. వెయ్యి రూపాయల చొక్కా సగానికి 500 అవుతుంది, ఆ 500లో 20 శాతం పోతే 400. తగ్గింది 60 శాతమే. చెప్పులకి వందకి కొద్ది పైసలు తక్కువ వేసే పద్ధతి ఈ దేశంలో బాటా ధరగా పేరుపడింది. ఇప్పుడు 999 చూసినవాళ్లు వెయ్యి అనుకోరు, తొమ్మిది వందల చిల్లర అనుకుంటారు. ఎడమవైపు అంకె ముందు కంటబడటమే దానికి కారణం.

పెద్ద ప్యాకెట్టు చవక అన్న నమ్మకం ఇంకొకటి. ఒక సరుకు 200 గ్రాములది 60 రూపాయలు, 500 గ్రాములది 165 రూపాయలు ఉందనుకుందాం. చిన్నదాంట్లో గ్రాము 30 పైసలు, పెద్దదాంట్లో 33 పైసలు. పెద్దది పట్టుకెళ్లినవాళ్లే ఎక్కువ కట్టారు. ఇంటి సామాను తెచ్చే మనిషికి వరసలో నిలబడి ఈ భాగహారం చేసే తీరిక ఉండదు. అందుకే 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలకి తర్వాత మార్పు వచ్చింది. ఎమ్మార్పీతో పాటు గ్రాముకో, మిల్లీలీటరుకో, కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీద కంపెనీయే అచ్చువేయాలి. ఎమ్మార్పీ దగ్గరే, ఇంకా చిన్న అక్షరాల్లో, గ్రాముకి ఇంత అని ఉంటుంది. వచ్చి ఇన్నాళ్లయినా ఆ గీత వైపు చూసే చూపులు తక్కువే.

బిల్లు కట్టేచోట సంచి సంగతి ఒకటి ఉంది. సంచికి డబ్బు తీసుకుంటామని ముందుగా గుమ్మం దగ్గర తెలపకుండా, సరుకులన్నీ కొన్నాక చివర్లో బిల్లులో కలపడం అన్యాయమైన వ్యాపార పద్ధతేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తేల్చింది. అది పది ఇరవై రూపాయల తగాదాయే. అయినా ఒక కొనుగోలుదారు బిల్లు చదివి, ఎందుకని అడిగినందువల్లే అక్కడిదాకా వెళ్లింది.

తెలుగు నగరాలకి ప్రత్యేకమైన కాలెండరు కూడా ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. ఒకప్పుడు బట్టల దుకాణాలకి అది ఈగలు తోలుకునే నెల. ఇప్పుడు విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా హైదరాబాద్ అమీర్‌పేటలోనైనా ఆషాఢం సేలంటే కాలు పెట్టే చోటుండదు. చీరలు కిలోల లెక్కన తూచి అమ్మే దుకాణాలూ ఉన్నాయి. వెనకే శ్రావణం వస్తుంది, వరలక్ష్మీ వ్రతాలూ పెళ్లిళ్లూ వస్తాయి. పాత సరుకు పోయి కొత్త సరుకుకి అరలు ఖాళీ కావాలి. ఆ అవసరం దుకాణానిది, ఆ ఉత్సాహం కొనేవాళ్లది. జరీ గట్టిదేనా, రంగు నిలుస్తుందా అని కొంగు వెలుతురులో పట్టి చూసే పెద్దావిడకి మాత్రం ఆషాఢమైనా శ్రావణమైనా ఒకటే.

అక్షయ తృతీయకి, ధన త్రయోదశికి బంగారం దుకాణాల ముందు వరసలు కూడా అమ్మమ్మల కాలంలో ఇంతగా లేవు. బంగారం ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండేది తరుగు మీద తగ్గింపు. బిల్లులో ఉండేవి చాలా. గ్రాము ధర, తరుగు, మజూరీ, రాళ్ల ధర, 3 శాతం జీఎస్టీ. తరుగు తగ్గించి మజూరీ పెంచితే ప్రకటన అబద్ధం కాదు, చేతి నుంచి పోయే డబ్బు మాత్రం అంతే. రాళ్లున్న నగ అయితే రాళ్ల బరువు తీసేసి బంగారానికే లెక్క కట్టారా అని అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాంకెల ప్రత్యేక గుర్తింపు ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని కొట్టి చూసుకోవచ్చు. నెలనెలా కట్టే పథకాలు చాలావరకు పదకొండు వాయిదాలతోనే ఎందుకు ముగుస్తాయో కూడా తెలుసుకోదగ్గ విషయం. 2014 నాటి కంపెనీల డిపాజిట్ల నిబంధనల ప్రకారం సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకి 365 రోజుల్లోపు సరుకు ఇచ్చేయాలి. లేకపోతే అది డిపాజిట్ కిందికి వస్తుంది. పన్నెండో నెల దుకాణం కానుక అన్న ప్రకటన పక్కనే ఈ నిబంధన ఉంది.

ఇక ఫోను. అందులోని దుకాణానికి గోడలు లేవు, మూసే వేళ లేదు. ఇంకా రెండే మిగిలాయి అంటుంది, గడియారం వెనక్కి నడిపిస్తుంది. వద్దు అనే మీట బూడిద రంగులో, కావాలి అనేది కళ్లు జిగేల్‌మనే రంగులో పెడుతుంది. కూరగాయలు బుట్టలో వేసుకుని చివరికొస్తే ప్యాకింగ్ ఖర్చు, ప్లాట్‌ఫాం ఖర్చు ఒక్కొక్కటిగా తేలతాయి. వీటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటివి 13 రకాలు గుర్తించి, వాడకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర కల్పించడం, అడగకుండా బుట్టలో సరుకు వేయడం, ధర కొంచెం కొంచెంగా బయటపెట్టడం ఆ జాబితాలో ఉన్నాయి.

ఆ సంస్థ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికుంది. 2022 జూన్ మార్గదర్శకాల్లో ఒక మాట తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగ్గది. ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెప్పారో, షరతు కూడా ఆ భాషలోనే చెప్పాలి. గొప్పంతా తెలుగులో రాసి, షరతులు అడుగున చీమతలకాయంత ఇంగ్లీషులో పెట్టడం కుదరదు. ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది.

చట్టాలు వాటంతటవి కదలవు. హైదరాబాద్‌లోనే ఒక పిల్లల డాక్టరు, శివరంజని సంతోష్, తన దగ్గరికి విరేచనాలతో వచ్చే పిల్లల్ని చూస్తూ ఒక సంగతి గమనించారు. తల్లులు ఓఆర్ఎస్, అంటే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు, తాగిస్తున్నామంటున్నారు, పిల్లలు కోలుకోవడం లేదు. తాగించిన డబ్బా తెప్పించి తిప్పి చూస్తే అది పండ్ల రుచుల తీపి పానీయం. పేరులో మాత్రం ఓఆర్ఎస్ అన్న అక్షరాలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు. ఆమె ఎత్తి చూపిన పానీయాల్లో చక్కెర లీటరుకి 120 గ్రాముల దాకా ఉంది. అంత తీపి పేగుల్లోకి వెళ్తే ఒంట్లో నీటిని లాగేస్తుంది, విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. మందుల షాపులో, ఆసుపత్రి పక్కనే అమ్ముతున్నారు కాబట్టి తల్లులకి అనుమానం రాలేదు. అక్షరాలు చదివే కొన్నారు. ముందువైపువి చదివారు, అంతే.

ఆమె దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. అధికారులకి ఉత్తరాలు రాశారు, వీడియోల్లో తల్లులకి చెప్పారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దంది. జులైలో మెత్తబడి, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు అని ఒక గమనిక ముద్రిస్తే వాడుకోవచ్చంది. ఆ గమనిక మళ్లీ చిన్న అక్షరాల్లోకి వెళ్లింది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపు రద్దయింది. సూత్రం ప్రకారం చేయని ఏ పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదు. నాలుగు గోడల మధ్య పేషెంట్లు చూసుకునే డాక్టరు ఒకరు ఒక డబ్బా వెనకవైపు చదివినందుకు దేశమంతటా అట్టలు మారాల్సి వచ్చింది.

అసలు ఓఆర్ఎస్‌ది ఏ ప్రచారమూ అడగని చరిత్ర. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బంగావ్ శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి జనం చేత తాగించారు. మరణాలు బాగా తగ్గాయి. దాని మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. ఇవాళ అది మందుల షాపులో మామూలు పొడి ప్యాకెట్టుగా దొరుకుతుంది, ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి ఉచితంగా కూడా ఇస్తారు. దాని మీద సినిమా తార బొమ్మ ఉండదు, మామిడి పండూ యాపిల్ పండూ ఉండవు. వెనకవైపు నాలుగు వరసలు ఉంటాయి. గ్లూకోజు 13.5 గ్రాములు, సోడియం క్లోరైడు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. మొత్తం ఇరవైన్నర గ్రాములు, కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో కలపాలి. ఈసారి మందుల షాపుకి వెళ్లినప్పుడు ఆ ప్యాకెట్టు ఒకటి అడిగి తీసుకుని, డబ్బు కట్టే ముందు ఆ నాలుగు వరసలూ చదివి చూడండి.